మంచినీళ్ల కొరకు వ్రాసిన చేయి
(ఫ్లారెన్సు నైటింగేల్ జీవితము)

ధ్యాన భాగములు: 2 రాజులు 2:19–22, యెహెజ్కేలు 34:17–19



యెరికో ఊరి పెద్దలు ఎలీషా ప్రవక్తయొద్దకు పోయినప్పుడు తమ ఊరి లోపమును దాచుకొనలేదు. చూపుకు ఊరు చక్కనిదే, త్రాగు నీరే చెడ్డది, దానివలన నేలతల్లికూడ ఫలమియ్యకున్నదని ఉన్నది ఉన్నట్టు విన్నవించిరి. ప్రవక్త వారికి ఓర్పునుగూర్చి ప్రసంగము చేసి పంపివేయలేదు. క్రొత్త పాత్రలో ఉప్పు తెప్పించి, ఆ నీరు పుట్టుచోటికే నడిచి పోయెను. బాగుపడినది ఊట. తరువాత ఊరు బాగుపడెను.

నల్లగొండ, పాలమూరు జిల్లాలలో కాపరిపని చేయు మావంటివారికి ఈ భాగము చదివినప్పుడెల్ల గుండె కలుక్కుమనును. మన తావు చక్కనిది. గుట్టలు, చెరువులు, జొన్నచేలు, సీతాఫలపు చెట్లు దేవుడు మనకిచ్చెను. నీళ్ల సంగతియే వేరు. మర్రిగూడ, మునుగోడు, చండూరు తట్టున గారపట్టిన పళ్లును వంకరపోయిన కాళ్లును ఎన్ని ఇండ్లలో చూచితిమో లెక్కలేదు. భువనగిరి, వలిగొండ తట్టున మూసీ కాలువగట్టు మీద నిలిచి ఊపిరి పీల్చుకొన్నవారికి ఆ సంగతి మేము చెప్పనక్కరలేదు. అందుచేత ఈ నెల ఈ పుటలలో నీళ్లకొరకును గాలికొరకును బ్రతుకంతయు పోరాడిన ఒక విశ్వాసురాలి చరిత్ర చెప్పదలచితిమి.

ఫ్లారెన్సు నైటింగేల్ పేరు వినని నర్సమ్మ మన మిషను ఆస్పత్రులలో లేదు. రాత్రివేళ చేత దీపము పట్టుకొని గాయపడిన సిపాయిల మంచముల నడుమ తిరుగుచున్న ఆమె పటమును బడి పుస్తకములలో అందరమును చూచితిమి. ఆ పటము అబద్ధము కాదు. కాని ఆ పటము దగ్గరనే ఆగిపోయినవారికి ఆమె జీవితములో మూడు పాళ్లు తెలియకపోవును. ఆమె ఆ దీపము పట్టినది రెండేండ్లకు లోపే. కలము పట్టినది నలుబది ఏండ్లకు పైగా. ఆ కలము వ్రాసినదంతయు ఎక్కువగా మురికి కాలువలనుగూర్చి, పెంటకుప్పలనుగూర్చి, గాలి రాని ఇండ్లనుగూర్చి, త్రాగు నీటినిగూర్చి. అందులో మన దేశపు పల్లెటూళ్లనుగూర్చి వ్రాసినది కొంచెము కాదు.

ఆమె 1820 మే 12న ఇటలీ దేశములోని ఫ్లారెన్సు పట్టణములో పుట్టెను. ఆ ఊరి పేరే ఆమెకు పెట్టిరి. తలిదండ్రులు ఇంగ్లీషువారు, భూవసతి గలవారు. ఎండకాలమునకు ఒక ఇల్లు, చలికాలమునకు ఒక ఇల్లు ఉండెను. తండ్రి విలియం గారు ఇద్దరు కూతుళ్లకును తానే పాఠములు చెప్పెను. గ్రీకు, లాటిను భాషలు నేర్పెను. చిన్నది లెక్కలు కూడ కావలెనని పట్టుబట్టెను. ఆడపిల్లకు లెక్కలెందుకని తల్లికి ఇష్టము లేకపోయెను. ఆ లెక్కలు తరువాత ఎన్ని వేల ప్రాణములకు అక్కరకు వచ్చునో ఆ ఇంటిలో ఎవరికి తెలియును?

1837 ఫిబ్రవరి 7న, పదునారేండ్ల వయస్సులో, దేవుడు తన్ను సేవకు పిలిచెనని ఆమె తెలిసికొని వ్రాసిపెట్టుకొనెను. ఏ సేవకు పిలిచెనో మాత్రము ఆమెకు తెలియలేదు. రోగుల సేవయే అని ఆమె మనస్సులో నిశ్చయమగుటకు కొన్నేండ్లు పట్టెను. అటుతరువాత ఇంటివారు ఒప్పుకొనలేదు. ఆ కాలపు ఆస్పత్రులు మురికి కూపములు. అక్కడ పనిచేయు స్త్రీలకు త్రాగుబోతులను పేరుండెను. ధనవంతుల పిల్ల అక్కడికి పోవుట తల్లికిని అక్కకును తలవంపుగా తోచెను. మంచివాడైన ఒకడు ఏండ్ల తరబడి పెండ్లికి అడుగగా ఆమె కాదనెను. చివరకు 1851లో జర్మనీ దేశములో కైజర్స్‌వెర్త్ అను చోట పాస్టరు ఫ్లీడ్నరుగారు నడుపుచున్న పరిచారికల గృహములో మూడు నెలలు పని నేర్చుకొనెను. అది ఒక చిన్న ఊరి పాదిరిగారి ప్రయత్నమని మన సంఘములవారు గమనింపవలెను. 1853లో లండనులో రోగులైన స్త్రీల గృహమునకు ఆమె అధికారిణి ఆయెను. పిలుపు విన్న దినమునుండి పని చేతికి వచ్చువరకు పదునారేండ్లు.

ఆమె విశ్వాసమునుగూర్చి ఒక మాట. ఇంగ్లండు సంఘములో ఆమెకు బాప్తిస్మమియ్యబడెను. మన ఉపదేశములలో కొన్నిటిని ఆమె ఒప్పుకొనలేదు. దానిని మేము దాచము. కాని దేవుని నియమములు తెలిసికొని వాటి చొప్పున నడుచుటయే ఆయనను ఆరాధించుటయని ఆమె నమ్మెను. కలరా వచ్చినప్పుడు తీసివేయుమని ప్రార్థించి, దానిని తెచ్చు మురికిని అట్లే ఉంచుకొనుట దేవుని పరిహసించుటగా ఆమెకు కనబడెను. ఈ ఒక్క సంగతిలో ఆమె మనకంటె ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయమునకు దగ్గరగా ఉండెనేమోయని మాకు తోచును. దండు వెలుపలికి పోయి గొయ్యి త్రవ్వి కప్పవలెనని అక్కడ ఆజ్ఞ యున్నది గదా. దానికి చెప్పబడిన కారణముకూడ అక్కడనే చదివికొనుడి. దేవుడే ఆ దండులో సంచరించుచున్నాడట.

1854లో ఇంగ్లండు, ఫ్రాన్సు, తురుష్క రాజ్యములు కూడి రష్యామీద క్రిమియాలో యుద్ధము చేయుచుండెను. గాయపడినవారిని, జబ్బుపడినవారిని ఓడలమీద నల్లసముద్రము దాటించి, ఇస్తాంబూలునకు ఎదుటి ఒడ్డున స్కుటారి అను చోటికి తెచ్చిరి. అక్కడ సిపాయిల బారకాసొకటి పెద్దది ఉండెను. దానినే ఆస్పత్రి చేసిరి. యుద్ధ మంత్రులలో ఒకరైన సిడ్నీ హెర్బర్టుగారు ఆమెకు స్నేహితుడు. వెళ్లుమని ఆయన అడిగెను. 38 మంది స్త్రీలను వెంటబెట్టుకొని 1854 నవంబరు 4న ఆమె అక్కడ దిగెను.

పక్కబట్టలు లేవు, తువాళ్లు లేవు, నేల కడుగుటకు చీపుర్లు చాలవు. ఎలుకలు, పేలు లెక్కకు మించియుండెను. కొందరు మొదట ఆమెను లోనికి రానియ్యలేదు. ఆమె ఓర్చుకొనెను, తరువాత చందా డబ్బుతో బట్టలు కొనెను, చాకిరేవు పెట్టించెను, రోగులకు తగిన వంట చేయించెను. చనిపోవువారి చేతులు పట్టుకొని వారి ఇండ్లకు ఉత్తరములు వ్రాసెను. దీపపు కథ పుట్టినది ఇక్కడనే.

అయితే కథలు చెప్పువారు తరచుగా విడిచిపెట్టు సంగతి ఒకటి యున్నది. ఆమె వచ్చిన తరువాత ఆ ఆస్పత్రిలో చావులు తగ్గలేదు, పెరిగినవి. ఆ చలికాలమున అక్కడ 4,000 మందికి పైగా చనిపోయిరి. 1855 ఫిబ్రవరిలో నూటికి 42 మంది చొప్పున పోయిరి. వారిలో ఎక్కువమంది గుండు దెబ్బవలన కాదు. విరోచనములు, కలరా, జ్వరము. ఇంత ప్రేమ, ఇంత ప్రార్థన, ఇంత కష్టము జరుగుచుండగా ఎందుచేత?

సమాధానము నేలక్రింద ఉండెను. మార్చి నెలలో ఇంగ్లండునుండి ఆరోగ్య కమీషను ఒకటి వచ్చెను. డాక్టరు సదర్లాండుగారును, ఇంజనీరు రాలిన్సనుగారును అందులోనివారు. ఆ గొప్ప కట్టడము క్రింద మురికి కాలువలు పూడుకొనిపోయి, పైకి విషపు గాలి కొట్టుచుండెను. ఆస్పత్రికి నీరు వచ్చు కాలువలో చచ్చిన గుఱ్ఱమొకటి పడియుండెను. వారు వాదములు పెట్టుకొనలేదు. కాలువలు కడిగించిరి, కళేబరములను, చెత్తను బండ్లమీద తోలించిరి, గోడలకు సున్నము కొట్టించిరి, కప్పునకు గాలి దారులు తెరిపించిరి. జూను నెల వచ్చునప్పటికి చావులు నూటికి రెండుకు దిగెను.

ఆమె అప్పుడు దాని అర్థము పూర్తిగా తెలిసికొనలేదు. సిపాయిలు ఆకలితోను చలితోను సగము చచ్చి తనయొద్దకు వచ్చిరి గనుక బ్రదుకలేకపోయిరని అనుకొనెను. 1856లో ఇంటికి తిరిగి వచ్చునప్పుడు దేశమంతయు ఊరేగింపుకు సిద్ధముగా ఉండగా ఆమె మిస్ స్మిత్ అను మారుపేరుతో, ఎవరికి తెలియకుండ ప్రయాణము చేసెను. తరువాత జనన మరణముల లెక్కల ఆఫీసులోని విలియం ఫార్ గారితో కూర్చుండి, ఏ ఆస్పత్రిలో ఏ నెల ఎందరు దేనివలన పోయిరో వరుసగా వ్రాసికొనుచు వచ్చెను. ఆ యుద్ధములో రోగములవలన చనిపోయిన ఇంగ్లీషు సిపాయిలు దాదాపు 16,000. ఆస్పత్రులన్నిటిలోను ఎక్కువ చావులు జరిగినది తన స్కుటారిలోనే. తాను చేతులార సేవచేసిన ఇల్లే మృత్యుగృహము.

లోకమంతయు దేవదూతయని పొగడుచున్న కాలమున ఆమెకు ఈ సంగతి తెలిసెను. అది ఆమె మనస్సును గట్టిగా గాయపరచెను. ఊరకుండినను ఎవరును అడుగరు. ఆమె ఊరకుండలేదు. ఆ అంకెలన్నియు వేసి 800 పుటలకు పైగా నివేదిక వ్రాసెను. మంత్రులు అంకెలు చదువరని తెలిసి, గుండ్రని పటములుగా గీసి రంగులు వేసెను. ఒక్క చూపున గాయముల చావులు ఇంత, మురికి చావులు అంత అని కంటికి కొట్టునట్లు చేసెను. 1858లో ఇంగ్లండు గణాంక సంఘమువారు ఆమెను సభ్యురాలిగా చేర్చుకొనిరి. ఆ సంఘములో చేరిన మొదటి స్త్రీ ఆమెయే.

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పుకొనవలెను. మేము ఈ పాస్టరేటుకు వచ్చిన తొలి యేండ్లలో ఒక వానకాలమున గూడెములో వాంతులు బేదులు తగిలి పది దినములలో ముగ్గురు పోయిరి. అందులో ఇద్దరు పసివారు. మూడు సమాధులయొద్దను మేమే ప్రార్థన చేసితిమి. మూడుసార్లును ప్రభువు చిత్తమని చెప్పితిమి. మూడవ దినపు కూడిక అయిన తరువాత సంఘ పెద్ద ఒకరు, చదువు అంతగా లేనివారు, మమ్ములను చేయి పట్టి పిలుచుకొనిపోయి, నల్లా గొట్టము మురికి కాలువలోగుండ పోవుచోట పగిలియుండుట చూపించిరి. నెల దినములకు ముందే చూచితిననిరి. మాతో ఎందుకు చెప్పలేదని అడిగితిమి. ఇట్టి మాటలు అయ్యగారికి చెప్పునవి కావనుకొంటిననిరి.

ఆ మాట మమ్ములను నిద్రపోనియ్యలేదు. మా ప్రసంగములు వినివినియే గదా ఆయన అట్లనుకొనెను! ఆ రాత్రి సంఘ భూస్థాపన రిజిస్టరు తెరచి చూచితిమి. పేరు, వయస్సు, తేదీ. చివర మరణకారణమని ఒక గడి యున్నది. మాకు ముందున్న పాదిరులును, వారి వెనుక మేమును ఆ గడిలో పుట తరువాత పుట ఒక్కటే మాట వ్రాసియుంటిమి: ప్రభువునందు నిద్రించెను. ఆ మాట నిజమే, మన నిరీక్షణ అదియే. కాని ఆ గడి అడిగిన ప్రశ్న అది కాదు.

నైటింగేల్ గారు మిగిలిన జీవితమంతయు ఆ గడిని నింపుటకే వెచ్చించెను.

1859లో హిందూదేశములోని సేనల ఆరోగ్యముమీద ప్రభుత్వము కమీషను వేసెను. అప్పటికి క్రిమియా జ్వరపు దెబ్బకు ఆమె మంచము పట్టియుండెను. మంచము మీదనుండియే ప్రశ్నల పట్టిక తయారుచేసి ఇక్కడి దండులన్నిటికిని పంపించెను. నీరు ఎక్కడనుండి వచ్చును? మురికి ఎక్కడికి పోవును? ఎందరు ఒక గదిలో పండుకొందురు? మన సికింద్రాబాదు దండుకూడ ఆ లెక్కలో ఉండెను. జవాబుల కాగితములతో ఆమె గదులు నిండిపోయెను. 1863లో నివేదిక వెలువడెను. అంతకు ముందు ఏండ్లలో ఇంగ్లీషు సిపాయిలు ఇక్కడ యేటా 1,000కి 69 మంది చొప్పున చచ్చుచుండిరి. శత్రువు చంపినది కొద్దిమందిని. నీరు, మురికి, ఇరుకు, సారాయి చంపినది ఎక్కువమందిని. పనులు మొదలైన పదేండ్లకు ఆ అంకె 18కి దిగినదని ఆమె 1874లో వ్రాసెను.

అంతటితో ఆమె తృప్తిపడియుంటే ఆమె చరిత్ర మన సంఘములకు అంత పనికివచ్చునది కాదు. సిపాయి బారకాసు ఎంత కడిగినను, ప్రక్క ఊరి బావి చెడియుంటే రోగము గోడ దాటి వచ్చునని ఆమెకు తెలిసెను. ఆ తెలివి మొదట సిపాయి కొరకే. కాని పోను పోను ఊరివారే ఆమె మనస్సులో ముందుకు వచ్చిరి. రైతు, అతని అప్పు, అతని కరవు, అతని త్రాగునీరు అన్నియు ఒకే ముడి అని ఆమె గ్రహించెను. గోదావరి ఆనకట్ట కట్టిన కాటన్ దొరగారి కాలువల వాదమును ఆమె గట్టిగా బలపరచెను. 1876 మొదలు 1878 వరకు దక్కనును మద్రాసు రాజధానిని గొప్ప కరవు కాల్చినది మీ తాతలనుండి వినియుందురు. ఒంగోలులో క్లౌ దొరగారు బకింగుహాము కాలువ పని తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించినది ఆ కరవులోనే. 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందినది ఆ వెనుకనే. అదే సంవత్సరము ఆగస్టులో నైటింగేల్ గారు లండను పత్రికలో మన రైతుల దురవస్థనుగూర్చి ఘాటుగా వ్రాసి, పెద్దలకు కోపము తెప్పించెను.

ఆమె మన దేశపు మట్టి ఎన్నడును త్రొక్కలేదు. మన నల్లగొండ, పాలమూరు అప్పుడు నైజాము రాజ్యములో ఉండెను గనుక, ఆమె ఉత్తరముల వలన మన ఊళ్లకు నేరుగా మేలు జరిగెనని మేము చెప్పము. ఆమెయొద్దకు వైస్రాయిలు పోయిరి, మన దేశపు పెద్దలును ఉత్తరములు వ్రాసిరి. 1892లో ఆమె ఒక విజ్ఞాపన తయారుచేసెను. పల్లెవారియొద్ద వసూలైన పన్నులో మొదటి ఖర్చు ఆ పల్లె నీళ్లకును శుభ్రతకును కావలెనని దాని సారము. రోడ్లు తరువాత చూచుకొనవచ్చును. ప్రభుత్వము దానిని క్రిందికి పంపెను, క్రింది ఆఫీసులు పైకి జవాబులు పంపెను, పని మాత్రము నత్తనడక నడిచెను. ఈ భాగము చదువునప్పుడు మాకు నవ్వును దుఃఖమును కలిగెను, ఎందుకనగా ఆ త్రోవ నేటికిని మనకు తెలియని త్రోవ కాదు.

ఆ యేండ్లలోనే ఇంగ్లండులో ఒక జిల్లాలో ఆమె మరియొక పని మొదలుపెట్టించెను. తరిఫీదు పొందిన స్త్రీలు పల్లెలలో ఇంటింటికి పోయి తల్లులతో మాటలాడి ఆరోగ్యము నేర్పవలెను. కాగితములు పంచినంత మాత్రమున ఎవరును మారరని, గుమ్మములోనికి పోయి పొయ్యి ప్రక్కన కూర్చుండి, ముందు ఆ తల్లి చెప్పునది విని తరువాత చెప్పవలెనని ఆమె మతము. హిందూదేశపు పల్లెలకును ఇట్టివారే కావలెనని వ్రాసెను. మన బైబిలు స్త్రీలు సువార్త తెచ్చిన పద్ధతి ఇదియే గదా.

ఇక ఆమె తప్పు ఒకటి చెప్పకపోతే చరిత్ర పూర్తికాదు. రోగమును పుట్టించునది దుర్వాసనతో కూడిన చెడుగాలి అని ఆమె చాలకాలము నమ్మెను. 1854లోనే లండనులో డాక్టరు జాన్ స్నోగారు కలరా ఒక చేతిపంపు నీటివలన వ్యాపించెనని చూపించెను. 1884 నాటికి కోక్ అను జర్మను పండితుడు కలకత్తాలో కూడ వెదకి దాని క్రిమిని నిశ్చయపరచెను. ఆమె ఆ క్రిముల మాటను ముసలితనములోగాని కొంతమాత్రము ఒప్పుకొనలేదు. అయినను మురికి తొలగించినప్పుడు క్రిమియు తొలగెను గనుక, కారణములో తప్పినను మందులో ఆమె పెద్దగా తప్పలేదు.

మన నేలమీద మాత్రము ఆమె ముక్కు మోసపోయియుండును. మన ఫ్లోరైడు నీటికి వాసన లేదు, రంగు లేదు. అద్దమువలె మెరయును. మన క్రింది రాళ్లలోనుండి అది నీటిలోనికి దిగును; బోరు లోతు పోయిన కొలది ఎక్కువగుట మనవారందరికి అనుభవమే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీరు ఏండ్ల తరబడి త్రాగిన పిల్లల పళ్లు గారపట్టును, తరువాత ఎముకలు బిగిసిపోవును. వంగిన ఎముక తిరిగి చక్కబడదు. నీళ్లు కాచి చల్లార్చి త్రాగుమని మనము కలరాకు చెప్పు మాట దీనికి పనికిరాదు. కాచిన నీరు తగ్గును గాని ఫ్లోరైడు తగ్గదు. వేడినీళ్లు త్రాగుచున్నాము గనుక భయము లేదనుకొను తల్లులు మన సంఘములలో నేటికిని ఉన్నారు, అందుచేత ఇంత వివరముగా వ్రాయుచున్నాము.

ముక్కు ఓడిన చోట ఆమె లెక్కల పుస్తకము ఓడదు. ఏ ఇంటి పిల్లలకు పళ్లు చెడినవి, ఆ ఇల్లు ఏ బోరు నీరు త్రాగినది అని వ్రాసికొన్నవాడికి కంటికి కనబడనిది కనబడును. 1970ల దశాబ్దములో నాగపూరులోని నీరి సంస్థవారు పటిక, సున్నము వేసి ఫ్లోరైడు తీయు పద్ధతిని కనుగొని, దానికి నల్లగొండ పద్ధతియని మన జిల్లా పేరే పెట్టిరి. లోకమందు మన జిల్లాకు వచ్చిన కీర్తి అది! 2016లో మొదలైన మిషన్ భగీరథ వలన ఇప్పుడు ఎన్నో ఊళ్లకు నదీజలము గొట్టములలో వచ్చుచున్నది. దేవునికి స్తోత్రము. అయితే మోటారు చెడిన దినమున మన బిందెలు మరల ఏ పంపు దగ్గరకు పోవుచున్నవో సంఘస్థులు కనిపెట్టి యుండవలెను.

మూసీ సంగతి వేరు. దానిని ముక్కుకూడ పట్టుకొనును. అనంతగిరి గుట్టలలో పుట్టినప్పుడు అది మంచి నీరే. పట్టణము దాటి వచ్చునప్పుడు ఇండ్ల మురికిని, కార్ఖానాల మురికిని మోసికొని వచ్చి, మన వరిపొలములలో పారి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలియుచున్నది. 2004 మొదలు హైదరాబాదు పట్టణము మన జిల్లాలోని అక్కంపల్లి జలాశయమునుండి కృష్ణ నీరు తీసికొని త్రాగుచున్నది. మంచి నీరు పైకి పోవును, త్రాగిన తరువాత మిగిలినది మూసీలో మనకు తిరిగి వచ్చును. బలిసిన గొఱ్ఱెలు తేటనీరు త్రాగి మిగిలినదానిని కాళ్లతో కలచుటనుగూర్చి యెహెజ్కేలు 34వ అధ్యాయములో దేవుడు తీర్చు తీర్పును ఆ కాలువగట్టు మీద కూర్చుండి చదువుడి. పట్టణములో మన బిడ్డలే కాపురమున్నారు గనుక కోపము ఎవరిమీద చూపవలెనో తెలియదు. పొలములో దిగి నాటువేసిన అక్కచెల్లెండ్ర కాళ్లమీది పుండ్లు మాత్రము మాకు తెలియును.

ఆ అమ్మగారైతే శపించదు, ఊరకుండదు. ఎన్ని ఎకరములు, ఎన్ని ఇండ్లు, ఎందరికి దురద, ఎన్ని గేదెలు ఈడ్చుకొనిపోయినవి అని వ్రాసి, ఎవరి చేతిలో అధికారమున్నదో వారి పేరిట ఉత్తరము పంపును. జవాబు రాకున్న మరియొకటి పంపును. నీటి కాలుష్యమును ఆపుటకు 1974లోనే చట్టము వచ్చినది. దానికి కాలుష్య నియంత్రణ మండలి యున్నది. నెహెమ్యా యేడ్చెను, ఉపవాసముండెను, రాజుయొద్ద ఉత్తరములు అడిగెను, రాత్రివేళ పోయి కూలిన గోడను స్వయముగా చూచెను. మనలో చాలమందిమి యేడ్పు దగ్గరనే లేచిపోవుచున్నాము.

మా సంఘములో ఈ లెక్క మొదలుపెట్టినప్పుడు ఒక ముసలి విశ్వాసి అడ్డు చెప్పెను. దావీదు జనమును లెక్కించి పాపము కట్టుకొనలేదా అని అడిగెను. మంచి ప్రశ్న. వెంటనే మాకు జవాబు దొరకలేదు. మరుసటి ఆదివారము లూకా 15వ అధ్యాయము వచ్చెను. నూరు గొఱ్ఱెలలో ఒకటి తప్పిపోయినదని కాపరికి ఎట్లు తెలిసెను? లెక్కపెట్టినందుననే. దావీదు తన బలము చూచుకొనుటకు లెక్కించెను, కాపరి పోయినదానిని వెదకుటకు లెక్కించెను. ఆ ముసలివారు తృప్తిపడిరో లేదో గాని, తమ మనుమని పళ్ల సంగతి తామే వచ్చి వ్రాయించిరి.

మా రిజిస్టరులో ఆ చివరి గడి ఇప్పుడు వేరుగా నిండుచున్నది. జ్వరము, వారము దినములు. బేదులు, పగిలిన నల్లా. ఎముకల జబ్బు, పాత బోరు. పురుగుమందు కొట్టుచు పడిపోయెను. దాని క్రింద నిద్రించెనను మాటకూడ వ్రాయుచున్నాము. మొదటిసారి ఆ పుటలు నకలు తీసి అధికారులకు పంపినప్పుడు ఆ గొట్టము మార్చుటకు నాలుగు నెలలు పట్టెను. మూసీకి ఇంకను జవాబు రాలేదు.

నైటింగేల్ గారి కన్నులు ముసలితనములో మసకబారి, 1901 నాటికి చూపు పోయినంత పనియాయెను. 1907లో రాజు ఎడ్వర్డుగారు ఆర్డర్ ఆఫ్ మెరిట్ అను గొప్ప బిరుదిచ్చిరి. స్త్రీలలో దానిని మొదట పొందినది ఆమెయే. అప్పటికి ఆమెకు జ్ఞాపకము సరిగా లేదు. 1910 ఆగస్టు 13న లండనులో, తొంబదవ యేట, నిద్రలో ప్రాణము విడిచెను. రాజులను పాతిపెట్టు వెస్టుమినిస్టరు దేవాలయములో చోటిచ్చెదమని పెద్దలు అడిగిరి. ఆమె ముందే వద్దని చెప్పియుండెను గనుక బంధువులు ఒప్పుకొనక, ఈస్టు వెల్లో అను పల్లెటూరి గుడి ఆవరణములో తలిదండ్రుల ప్రక్కను పాతిపెట్టిరి. శవపేటికను సిపాయిలు మోసిరి. రాతిమీద ఆమె పేరు లేదు. రెండు పొడి అక్షరములు, పుట్టిన తేది, పోయిన తేది మాత్రమే చెక్కబడియున్నవి.